ఇటలీ పాఠం చెప్పిన ఏడాది

కింది అంతస్తులో ఉండే మలయాళీవాళ్ల అమ్మాయి మొన్న సాయంత్రం పదో తరగతి సోషల్ పుస్తకం పట్టుకుని వచ్చి, ఒక్క పాఠం అప్పజెప్తాను వినండి ఆంటీ అంటే, పొయ్యి మీది చారు దించేసి కూర్చున్నాను. తీరా చూస్తే అది ఇటలీ ఏకీకరణ. ఆ పిల్ల గడగడా చెప్పుకుపోతోంది గానీ, నా మనసు మాత్రం పదేళ్లకు పైగా వెనక్కి నడిచి, ఈ గల్ఫ్ దేశంలోని ఇదే సలాలాలో, ఇలాగే ఇక్కడివాళ్లు ఖరీఫ్ అనే వానకాలపు జల్లు కిటికీ అద్దాలను తడుపుతున్న ఒక ఆగస్టు నెలలో ఆగిపోయింది.

అప్పట్లో నేను ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ టీచర్ని. మావారికి ఊరి పక్కనే రేవు ఉన్న రైసూత్‌లో ఉద్యోగం. ఆయనది కరీంనగర్ వైపు, నాది భీమవరం. పెళ్లయిన కొత్తలో ఆయన యాస విని నేనూ, నా సాగతీత విని ఆయనా నవ్వుకున్నామే తప్ప, అంతకు మించి మా మధ్య జిల్లాల ప్రసక్తి ఎన్నడూ రాలేదు.

పాఠాలన్నింట్లో నాకు ఇటలీ పాఠమంటే ప్రాణం. ముక్కలు ముక్కలుగా పడి ఉన్న దేశం, ఉత్తరాన ఆస్ట్రియావాళ్ల పెత్తనం, మధ్యలో పోపుగారి రాజ్యం, దక్షిణాన వేరే రాజు, ఇవన్నీ ఉత్త పేర్లుగా చెబితే పిల్లలకు ఎక్కవని, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డలు ఏరి, రాజ్యానికో రంగు చొప్పున కత్తిరించి, పాఠం చెబుతూనే ఒక్కొక్కటీ కలిపి కుట్టేదాన్ని. దేశాన్ని ఒక్కటి చేయడానికి బయల్దేరిన ఎర్ర చొక్కాల దండు ఓడలెక్కి దక్షిణాన సిసిలీ దీవిలో దిగిన చోటికి వచ్చేసరికి పిల్లలంతా బెంచీల మీంచి ముందుకు వంగేవాళ్లు. దక్షిణం ముక్క ఉత్తరానికి అతుక్కోగానే చప్పట్లు కొట్టేవాళ్లు. ఏటా చెప్పే పాఠమే అయినా ఏటా నాకు కొత్తగానే ఉండేది.

ఆ ఏడు సెలవులయి బడి తెరిచేసరికి మన రాష్ట్రాన్ని రెండు చేస్తున్నారన్న కబురు గట్టిపడింది. మావారు డ్యూటీ నుంచి వస్తూ స్వీట్ల డబ్బా తెచ్చి, తెలిసినవాళ్ల ఇళ్లన్నింటికీ పంచి, చివరికి నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. తిన్నాను. ఆయన సంతోషం అబద్ధం కాదు, వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఎదురుచూసినది, నాకు తెలుసు. అయినా ఆ ముక్క గొంతు దిగలేదు. ఎందుకు దిగలేదో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదంటే అతిశయోక్తి కాదు.

సరిగ్గా ఆ వారంలోనే ఇటలీ పాఠం వచ్చింది. గుడ్డలు తీసి మొదలుపెట్టానో లేదో, రెండో బెంచీలోంచి నిజామాబాద్ వాళ్ల అమ్మాయి లేచింది.

"మేడమ్, ఇటలీ కలిస్తే మంచిదని మీరు చెప్తున్నరు. మన దగ్గర విడిపోతే మంచిదని మా డాడీ చెప్తున్నరు. రెండిట్ల ఏది కరెక్ట్?"

పిల్ల అమాయకంగా అడిగింది. నేను మాత్రం సిలబస్‌లో లేనివి అడగొద్దు, కూర్చో అని కసిరాను. అది తల వంచుకుని కూర్చుంది. ఆ రోజు దక్షిణం ముక్క కుట్టకముందే బెల్లు కొట్టారు.

చేసిన తప్పు మనసులో ముల్లులా ఉండిపోయింది. మావారి కంపెనీలోనే పెద్దవయసు ఇటలీ ఇంజనీరొకాయన ఉండేవాడు. ఆయన్ని పిలిపిస్తే, తన దేశం ఎలా ఒక్కటైందో గర్వంగా చెబుతాడు, పిల్ల అనుమానం తీరిపోతుంది, నా పరువూ నిలబడుతుందనుకుని, ప్రిన్సిపాల్‌ని అడిగి తీసుకొచ్చాను. ఆయన నా గుడ్డ పటాన్ని చాలాసేపు చూశాడు. తనది దక్షిణాన కొండల్లో ఒక పల్లెటూరట. అమ్మ తరఫు పూర్వీకుడొకాయన ఎర్ర చొక్కాలవాళ్లతో కలిసి పోరాడాడట. నాన్న తరఫువాళ్ల ఇంటినేమో, దేశం ఒక్కటయ్యాక ఉత్తరం నుంచి వచ్చిన సైనికులే, దొంగలని ముద్రవేసిన తిరుగుబాటుదార్లకు అన్నం పెట్టారని తగలబెట్టారట. వచ్చిన సైనికుల మాట వీళ్లకు అర్థం కాలేదు, వీళ్ల మాట వాళ్లకు అర్థం కాలేదు. అందరూ ఇటలీవాళ్లే.

నేను కసిరిన పిల్లే మళ్లీ లేచి, మరి మీరు ఎవరి వైపు అంకుల్ అని అడిగింది. ఆయన తన వచ్చీరాని ఇంగ్లీషులో, నాకూ తెలియదమ్మా, అమ్మ ఇంట్లో ఉంటే ఒకలా అనిపిస్తుంది, నాన్న ఇంట్లో ఉంటే ఇంకోలా అనిపిస్తుంది అన్నాడు. వెనక బెంచీవాళ్లు పరీక్షలో ఏది రాయాలి మేడమ్ అని గోల. పుస్తకంలో ఉన్నదే రాయండి అన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, నువ్వడిగినదానికి మొన్న నాకు జవాబు తెలియదు, అందుకే కసిరాను, ఇవాళా తెలియదు అని అందరి ముందూ ఒప్పుకున్నాను. అది కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

ఆ సాయంత్రం జరిగిందంతా మావారికి చెప్పాను. ఆయన టీవీ ఆపేశారు.

"నువ్వు బాధపడ్తవని నాకు ఎర్కనే. ఎర్కుండి గూడ స్వీటు చేతుల పెట్టిన. గదే తప్పయింది."

"మీరు సంతోషపడితే నాకేం బాధ లేదండీ. అంత సంతోషంలో నన్నొకసారి ఎలా ఉన్నావని అడగలేదు, అదే."

ఆయన లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చారు. చక్కెర ఎక్కువైంది. తాగేశాను. రాష్ట్రాల సంగతి మేం తేల్చుకున్నదీ లేదు, మళ్లీ దాని గురించి పోట్లాడుకున్నదీ లేదు. ఎవరు ఎవరిని క్షమించారంటే చెప్పలేను.

ఇప్పుడు ఇక్కడి తెలుగువాళ్లకు రెండు సంఘాలు. ఒకే హాల్లో వేర్వేరు రోజుల్లో పండుగలు చేస్తారు, మేమిద్దరం రెండింటికీ వెళ్లి రెండుచోట్లా పులిహోర తిని వస్తాం. వచ్చిన కొత్తలో సలాలా సూక్‌లో, అంటే ఇక్కడి బజారులో, కొబ్బరిబోండాల దగ్గర తెలుగుమాట వినబడితే చాలు, పరుగెత్తుకెళ్లి మీరు తెలుగువాళ్లా అని అడిగి, అవునంటే ఇంటికి భోజనానికి పిలిచేవాళ్లం. ఆ ఒక్క ప్రశ్న సరిపోయేది. ఇప్పుడు దాని వెనకే, మీరు ఎటువైపు అన్న రెండో ప్రశ్న వస్తోంది. మొదట్లో ఎవరైనా అడిగితే చివుక్కుమనేది. మొన్న సూక్‌లో ఒక కొత్త జంట కనబడితే, తెలుగువాళ్లా అని అడిగి, వాళ్లు నవ్వుతూ తలూపేలోపే ఆ రెండో ప్రశ్న కూడా అడిగేశాను నేను. ఆ అమ్మాయి నవ్వు కాస్త తగ్గింది. భోజనానికి పిలుద్దామనుకుని వెళ్లినదాన్ని, ఆ మాట మరిచిపోయి వచ్చేశాను.