గడప బయట బూట్లు

ఫాదర్ పోయినారని మొన్న పొద్దున మడకశిర నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసినాడు. నేను ఉరవకొండలో, ఇంటి ముందర కూర్చోని చెనిక్కాయలు ఒలుస్తాంటి. వస్తానన్నా అని ఫోన్ పెట్టేసి, చాటలో మిగిలినవి కూడా ఒలిచినా. ఏడుపైతే రాలేదు.

నాది ఓడల్లో ఫిట్టరు పని. ఆయన రేవులో ఓడ పనివాళ్ల మంచిచెడ్డలు చూసే క్యాథలిక్ ఫాదర్. ఏ ఓడొచ్చినా మెట్లెక్కి పైకి వచ్చేవారు. సిమ్ కార్డులు, మందులు, ఉన్ని టోపీలు తెచ్చేవారు. నేను ఆంజనేయసామికి మొక్కేవాణ్ణని తెలుసు, ఒక్కనాడూ చర్చికి రమ్మనలేదు. నన్ను చూస్తే ఆయన మొదటి మాట, "మీ ఊర్లో వాన పడిందా?" సముద్రం మీద నిలబడి వాన సంగతి అడిగేది మా కరువు సీమోళ్లే.

ఓడ మీద బూట్లు తీయగూడదని రూలు. ఆయన మాత్రం మేము అన్నం తినే గది గడప దగ్గర విప్పేవారు. ఆఫీసరు కసురుకుంటే, "ఇది వీళ్ల ఇల్లప్పా. ఇంట్లోకి బూట్లతో యాడన్నా వస్తారా?" అనేవారు. బయట ఆ నల్ల బూట్లు కనపడితే మాకు ఇంటికి చుట్టం వచ్చినట్టే.

ఒకసారి ఓనరు చేతులెత్తేసినాడు. ఓడ కోర్టు కేసులో పడి, నెలల తరబడి మమ్మల్ని దిగనీలేదు. ఒకరోజు గడప బయట బూట్లు లేవు. లోపలికి పోతే ఫాదర్ బూట్లతోనే నిలబడుకోని ఉన్నారు.

"మీ నాయన పోయినాడప్పా."

మా ఇంటోళ్లు ఆయనకే ఫోన్ చేసినారంట. నన్ను దించేదానికి పొద్దంతా ఆఫీసుల చుట్టూ తిరిగినారు. ఎవరూ ఒప్పుకోలేదు. నాయనను మట్టి చేసేటప్పుడు నేను లేను. ఫాదర్ వచ్చి ఊరికే నా పక్కన కూర్చున్నారు.

అందుకే ఈయన మట్టికన్నా అందుకోవాలని మడకశిరకు మొదటి బస్సెక్కినా. అందుకున్నా. పెట్టెలో తెల్ల అంగీతో పడుకోబెట్టినారు. కాళ్లకు ఓడలెక్కిన ఆ బూట్లే, పాలిష్ చేసి తొడిగినారు. తీయండన్నా, ఈయన ఎవరింట్లోకీ బూట్లతో పోరు అని చెప్పాలనుకున్నా. అంతలోనే మూత వేసేసినారు.

నా చెప్పులు పక్కన విడిచి, గుంతలో పిడికెడు మట్టి వేసినా. మట్టి ఎండిపోయి పొడిపొడిగా ఉండాది.

లేదు ఫాదర్. ఇంకా పడలేదు.