దానియేలు సార్ ఎడమ చేయి

నాపరాయి మీద నీళ్లు చల్లి ఉలి పెట్టగానే చల్లని, పాత వాసన ఒకటి లేస్తుంది. వేంపల్లెలో రాళ్ల మీద పేర్లు చెక్కడం మొదలుపెట్టి ఇన్నేళ్లయినా, ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను తొమ్మిదో తరగతి గదిలో దానియేలు సార్ ముందు కూర్చుని ఉంటాను.

సార్ మాకు సోషల్ చెప్పేవారు. చదువుకునే రోజుల్లో నాపరాళ్ల గనిలో కూలికి పోయి, బండ జారిపడి ఎడమ చేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. ఆ చేయి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉండేది. పిల్లలం కదా, మా చూపులన్నీ ఆ జేబు మీదే.

ఈజిప్టు పాఠం నాడు ఆయన నల్లబల్ల వైపే పోలేదు. బెంచీలు జరిపించి, నేల మీద పరిచిన నల్ల నాపరాళ్ల మీద సుద్దముక్కతో నిలువెత్తు మనిషిని గీశారు. ముఖం పక్కకు, కన్ను మాత్రం ఎదురుగా. భుజాలు ఎదురుగా, పాదాలు మళ్లీ పక్కకు. మేం కిసుక్కున నవ్వాం.

"నగుతాండారా? వాళ్లకు గీయడం రాక కాదప్పా. సచ్చిపోయినోడు ఆ లోకంలో ఈ బొమ్మతోనే బతకాల. అందుకే ఏది యా పక్కనుంచి నిండుగా కనపడుతాదో ఆ పక్కనుంచే గీసినారు. గోడ మీద రొట్టె గీస్తే ఆడ ఆకలి తీరుతాది. గీయకుండా ఇడిసిపెట్టింది మాత్రం ఆడ ఉండదు."

మా నవ్వు ఆగింది. వేల ఏళ్ల కిందట, మూసేయబోయే సమాధిలో, ఎవరూ చూడని గోడ మీద, ఒక మనిషికి ఏదీ తక్కువ కాకూడదని ఇంకో మనిషి కూర్చుని ఒక్కొక్క వేలూ గీశాడు! వారం రోజులు ఆ బొమ్మను ఎవరమూ తొక్కలేదు. ఊడ్చే ఆయమ్మ కూడా దాని చుట్టూ ఊడ్చి పోయేది.

ఆ ఊపులో నేను సార్ బొమ్మనే ఆ పద్ధతిలో గీసి తీసుకుపోయాను. ఎడమ చేయి వీపు వెనక దాచాను. పెద్ద మర్యాద చేశాననుకున్నాను. ఆయన కాగితాన్ని బల్ల మీద పరిచి, వీపు దగ్గర వేలు పెట్టారు.

"ఈ చెయ్యి యాడ పాపా?"

"మీకు బాధయితాదని, సార్..."

"నన్ను ఒంటిచేత్తో పంపిస్తావా? గీయి."

మూడు వేళ్లు గీశాను. సార్ జేబులోంచి చేయి తీసి కాగితం పక్కన ఆనించారు. దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"ఐదు గీయి," అన్నారు మెల్లగా. "ఆడికి పొయ్యేటప్పుడు ఐదూ కావాల." గీశాక నవ్వారు. "ఈ మాట చర్చిలో చెప్పొద్దు. పాస్టరు ఊరుకోడు."

నిరుడు సార్ కన్నుమూశారు. సమాధి రాయి చెక్కమని ఆయన భార్య కరుణమ్మ నా దగ్గరికే వచ్చింది. సిలువ, పేరు, తేదీలు చాలంది. సరేనన్నాను. మా పనిలో అడగని గీటు పెట్టడం తప్పు. పడిన గీటును చెరపలేం. అయినా మనసు ఊరుకోలేదు. పేరు కింద ఎడమ చేతిని చెక్కాను, ఐదు వేళ్లతో.

కరుణమ్మ రాయి చూడటానికి వచ్చిన రోజు దాని మీద కప్పిన గోనెపట్ట తీశాను. వద్దంటే రాయి పాడవడం అటుంచి, ఆమె మొహం ఎట్లా చూడాలి? ఆమె వంగి, సార్‌కు లేని ఆ రెండు వేళ్లనూ నిమిరింది.

"పెండ్లినాటికే ఈ రెండూ ల్యాకపాయ. నలభై ఏండ్లు కాపురం చేసినా. ఇప్పుడు సూస్తాండా," అంది.

ఆ రోజు నుంచి ఎవరి సమాధి రాయి ఒప్పుకున్నా, పేరు రాసుకున్నాక ఇంకొక మాట అడుగుతున్నాను. ఆ మనిషికి బతికినన్నాళ్లూ ఏం తక్కువైందని. మొన్న ఒకాయన వాళ్లమ్మకు ఒక జత చెప్పులు చెక్కమన్నాడు. పైనుంచి చూసినట్టు, రెండూ నిండుగా కనపడేటట్టు చెక్కాను.