చెంచా వెనుక ఆమె ముద్ర

మూడు వందల ఏళ్ల కిందట లండన్‌లో వెండిపని చేసిన ఆడవాళ్ల మీద టర్మ్ పేపర్ రాస్తానంటే మా ప్రొఫెసర్ ఒకే షరతు పెట్టారు. వాళ్లు చేసిన వస్తువు ఒక్కటైనా కళ్లారా చూడాలి. సోమవారంలోగా దొరక్కపోతే టాపిక్ మార్చుకోవాలి. ఇంగ్లండ్ వెళ్లే స్తోమత నాకు లేదు. చికాగోలోని ఒక చిన్న మ్యూజియంలో పాత ఇంగ్లిష్ వెండి ఉందని తెలిసి, మెయిల్ పెట్టి, శనివారం పదకొండున్నరకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

తొమ్మిదిన్నరకు మేముండే నేపర్‌విల్‌లో రైలెక్కాం. నాతో వచ్చింది నా రూమ్మేట్ హారిక, వరంగల్ అమ్మాయి. వీకెండ్ టికెట్ ఏడు డాలర్లు, ప్రయాణం గంట పైచిలుకు. దారి పొడవునా ఆమె నన్ను ఏడిపిస్తూనే ఉంది. "చెంచా చూడనీకి గింత దూరమా? నా ఉగ్గుగిన్నె రూమ్‌లనే ఉంది కద, ఫ్రీగ చూపిస్త." స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడిచాం. స్టూడెంట్ ఐడీ చూపిస్తే ప్రవేశం ఎనిమిది డాలర్లు.

వెండి సేకరణ చూసుకునే మార్తా అనే పెద్దావిడ గుడ్డ పరిచి నాలుగు చెంచాలు పెట్టారు. ఆ రోజుల్లో భర్త పోయాక దుకాణం నడిపిన భార్య తన పేరు పొడి అక్షరాలతో కొత్త ముద్ర నమోదు చేయించుకునేది. మగవాళ్ల ముద్రలు రకరకాల ఆకారాల్లో ఉండేవి. ఆమెది మాత్రం పేకముక్కల్లోని డైమన్ ఆకారంలో ఉండేది. మొదటి మూడు చెంచాల మీదా చదరపు ముద్రలే. నాలుగో దాని ముద్ర బాగా అరిగిపోయింది, ఇంటిపేరు అక్షరం ఒక్కటే మిగిలింది. దాని పక్కన పెట్టిన వివరాల కార్డు మీద ఒక మగ పనివాడి పేరుంది. ఇక టాపిక్ మార్చుకోవాల్సిందే అనుకున్నాను.

అప్పుడు కరీంనగర్‌లో వెండి తీగపని చేసే మా పిన్ని గుర్తొచ్చింది. అరిగిన ముద్రకు వెలుతురు పైనుంచి కాదు, పక్కనుంచి పడాలంటుంది ఆమె. మార్తా అనుమతితో గదిలో లైటు ఆర్పించి, హారిక చేత ఫోన్ టార్చ్ బల్లకు ఆనించి పట్టించాను. చెంచా కాడ మీద సన్నని నీడ లేచింది. కింద ఒక కొస, పక్కన ఇంకో కొస.

హారిక గొంతు తగ్గించి, "డైమనే కదనే," అంది.

మార్తా భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత కార్డు తీసి, ఆ పేరు మీద పెన్సిల్‌తో గీత కొట్టి, "ఇది ఇతని భార్యదే. ఇన్నేళ్లూ మేం భర్త పేరు రాసుకున్నాం," అన్నారు. ఫొటో పంపిన పావుగంటకే ప్రొఫెసర్ జవాబిచ్చారు: రాయడం మొదలుపెట్టు.

వితంతువు అనే మాటలో ఇన్నాళ్లూ నాకు పోగొట్టుకున్నదే వినిపించేది. ఇప్పుడు అందులో సుత్తి చప్పుడు వినిపిస్తోంది. పనివాళ్లను పిలిచి, కొలిమి రాజేసి, తన అక్షరాలు తానే కొట్టుకున్న మనిషి కనిపిస్తోంది. మీరూ వెళ్లేటట్టయితే రెండు వారాల ముందే మెయిల్ పెట్టండి. అద్దాల వెనక ఉన్నవి చూసి సరిపెట్టుకోకండి. వస్తువును తిరగేసి చూపించమని అడగండి. అడిగితే చూపిస్తారు.