సాంబయ్య బుగులు

సాంబయ్యకు విమానమంటే బుగులు. ఎక్కాలంటే కాదు, ఎక్కే యోగం ఆయనకెన్నడూ పట్టలేదు. నెత్తి మీదుగా పోతే భయం. ఆకాశంలో మోత వినబడితే చాలు, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, పక్కనున్న భార్య భూదేవి చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు.

"కాళ్ళు దించిందానే?" అని అడుగుతాడు.

కాళ్ళంటే చక్రాలు. దిగబోయే విమానం చక్రాలు బయటికి తీసిందా లేదా భూదేవి చూసి చెప్పాలి. "దించింది. నేనున్న గద, ఏం గాదు" అని ఆమె అనేదాకా చెయ్యి వదలడు. సూరత్‌లో దిగే విమానాలు వాళ్ళుండే లింబాయత్ ఇళ్ళ మీదుగానే వస్తాయి. భూదేవిది ఇంట్లో కూర్చుని కండెలకు నూలు చుట్టే పని. దానికి రెండు చేతులూ కావాలి. కానీ కుడిచెయ్యి సగం రోజు మొగుడి దగ్గరే ఉండేది.

సత్యనారాయణ వ్రతం నాడు కూడా వదల్లేదు. పీటల మీద కూర్చున్నారు, పంతులు అక్షింతలు తీసుకోమన్నాడు, సరిగ్గా అప్పుడే మోత వినిపించింది. సాంబయ్య అక్షింతలతో సహా పెళ్ళాం చెయ్యి పట్టేసుకున్నాడు. ఇది లగ్గం కాదనీ, చేతులు పట్టుకునే ఘట్టం వ్రతంలో లేదనీ పంతులు ఓపికగా చెప్పి చూశాడు. విమానం కాళ్ళు దించేదాకా కథలో షావుకారు పడవ అక్కడే ఆగిపోయింది.

ఇంకోసారి షేర్ ఆటోలో వస్తున్నారు. సాంబయ్య ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు, భూదేవి వెనక సీట్లో ఉంది. మోత వినగానే ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి వెనక్కి చాపాడు. దొరికింది మాత్రం ఆమె పక్కనున్న మార్వాడీ పెద్దమనిషి చెయ్యి. ఆయన ఏమనుకున్నాడో ఏమో, విమానం దాటిపోయేదాకా చెయ్యి అలాగే ఇచ్చి, "కుఛ్ నహీ హోగా కాకా" అని భుజం కూడా తట్టాడు. భూదేవికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఆ పూట చారు పొయ్యకుండా కోపం తీర్చుకుంది.

నిజానికి లింబాయత్‌కు వచ్చిన కొత్తలో భయం భూదేవిదే. సిరిసిల్ల దగ్గర ఆమె పుట్టిన పల్లెలో విమానమంటే ఆకాశంలో ఒక తెల్లగీత. ఇక్కడేమో అప్పుడున్న ఇంటి రేకులు దడదడలాడేవి. అప్పటికి చిన్నపిల్లయిన కూతురు ఊర్మిళను ఒళ్ళో దాచుకుని వణికిపోయేది. ఒకరోజు బట్టలు మూట కట్టుకుని ఊరికి పోదామని ఏడ్చింది. సాంబయ్య బుగులు బయటపడింది ఆ రోజే. ఇంట్లో ఇద్దరూ భయపడితే ఎలా? ఆయనకు ధైర్యం చెప్పే పనిలో పడిపోయి భూదేవికి తాను భయపడే తీరికే లేకుండా పోయింది.

ఆ ఊర్మిళ ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సు. సెలవుకు వస్తూ, రైలు టికెట్ దొరక్క మొట్టమొదటిసారి విమానమెక్కింది. బిడ్డ నెత్తి మీదుగా పోతుంటే చెయ్యి ఊపాలని భూదేవి సాయంత్రం నుంచే డాబా మీద నిలబడింది. సాంబయ్య నీళ్ళ ట్యాంకు గద్దె మీద కూర్చున్నాడు. ఇవాళ ఈ మనిషిని పట్టడం ఎవరి తరం కాదని ఆమె ముందే ఒక చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకుంది.

అంతలో వెంకటయ్య మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. సాంబయ్యతో పాటు ఒకే సాంచాల కార్ఖానాలో, మరమగ్గాల మీద పనిచేసే మనిషి. ఉధనా అవతల ఉంటాడు, ఇంటికి రావడం చాలా అరుదు. బిడ్డ ఏ విమానంలో వస్తోందో సాంబయ్యే అతనికి కార్ఖానాలో చెప్పాడు. చేతిలో ఫోన్ ఉంది, మొహంలో నెత్తురు లేదు.

"చెల్లె, నువ్వు ముందుగాల కూసో" అన్నాడు. "ఊర్మిళ ఎక్కిన ఇమానానికి కొంగల గుంపు తగిలిందంట. ముక్కు సొట్టవోయింది, ముందటి అద్దం పలిగింది. ముందటి కాలు దిగుత లేదంట, పైన్నే తిరుగుతున్నదంట."

భూదేవి కూర్చోలేదు. దిగకుండా ఎందుకు తిరుగుతోందని అడిగింది. నూనె కాలిపోయి తేలికయ్యేదాకా అలా తిరుగుతుందని ఫోన్లో రాశారట. అప్పుడే మోత వినిపించింది. విమానం ఇళ్ళ మీదుగా వచ్చింది, ఎప్పటికంటే కిందికి. భూదేవి కళ్ళు చించుకుని చూసింది. వెనక రెండు కాళ్ళున్నాయి. ముందు కాలు లేదు.

అలవాటుగా ఆమె కుడిచెయ్యి పక్కకు చాపింది. సాంబయ్య పట్టుకోలేదు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. కాళ్ళు దించిందా అని కూడా అడగలేదు.

"ముందటిది దించలేదయ్యా" అంది ఆమె.

"ఎనకటియి రెండున్నయి గద" అన్నాడు సాంబయ్య, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు.

భూదేవికి ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోవాళ్ళ విమానాలన్నిటికీ ప్రాణం పోయినట్టు చేసిన మనిషి, కన్నబిడ్డ ఎక్కిన విమానానికి ఇలా రాయిలా కూర్చుంటాడా? కింది వాటావాళ్ళు చాయ్ తెచ్చిస్తే ఆ గద్దె మీదనే పెట్టమన్నాడు, ముట్టుకోలేదు. అది చల్లారి మీగడ కట్టింది. విమానం ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. వచ్చిన ప్రతిసారీ ఆమె పిట్టగోడ దాకా వెళ్ళి ముందు కాలు కోసం వెతికింది, పోయిన ప్రతిసారీ మళ్ళీ మొగుడి పక్కకే వచ్చింది.

"భూదేవీ" అన్నాడు సాంబయ్య మెల్లగా. "సాంచ నడుస్తుంటె కరెంటు పోయింది. నాడె పోగుల నడుమ ఇరుక్కున్నది. ఏం జేస్తం?"

ఇదేం వేళాకోళమో ఆమెకు అర్థం కాలేదు. అయినా పోగుల నడుమ నూలు మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడెను బయటికి తేవడం ఎన్నోసార్లు చూసిన పని కాబట్టి నోరు దానంతటదే చెప్పింది. "చక్రం చేత్తోని తిప్పుకుంట నాడెను ఒడ్డుకు తెస్తరు."

"ఎట్ల తెస్తం?"

"మెల్లగ."

"మెల్లగ ఎందుకు?"

"పోగులు తెగద్దని."

"గంతే. పైలట్ గూడ గట్లనే తెస్తుండు. లోపట ఎన్ని పోగులున్నయో ఆయనకెరుక."

చివరిసారి విమానం బాగా కిందికి వచ్చి, విమానాశ్రయమున్న మగ్దల్లా దిక్కుకు పోయి, భవనాల వెనక మాయమైంది. తర్వాత మోత కూడా ఆగిపోయింది. భూదేవి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటయ్య ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని దేవుడి పటాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

భూదేవి ఫోన్ మోగింది.

"అమ్మా, దిగినం" అంది ఊర్మిళ, ఏడుస్తూనో నవ్వుతూనో. పైలట్ ఆఖరిదాకా ముక్కును పైకే పట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా నేలకు ఆనించాడట. నిప్పురవ్వలు లేచాయట. అందరూ జారుడుబల్ల మీది నుంచి దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. చెప్పులు మాత్రం లోపలే ఉండిపోయాయి. చివరికి గొంతు తగ్గించి అడిగింది, "బాపు మస్తు బుగులువడ్డడా?"

భూదేవి కరువుతీరా ఏడ్చి, ముక్కు చీది, ఆ తర్వాత కోపం గుర్తు తెచ్చుకుంది. "మీ బావకు ఇన్నేండ్లకు ఇయ్యాల్నే ధైర్యమొచ్చింది. ఇమానాలంటె బుగులని రోజు నా పానం తీస్తడు" అని వెంకటయ్యతో చెప్పింది.

వెంకటయ్య అయోమయంగా చూశాడు. "బావకు బుగులా? డ్యూటి దిగి కార్ఖాన డాబ మీద పండుకుంటడు చెల్లె. ఇమానాలు నెత్తి మీదికెల్లి పోతుంటె గురక గూడ ఆపడు."

భూదేవి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. సాంబయ్య చల్లారిన చాయ్ వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"మరి ఇన్నేండ్లు నా చెయ్యెందుకు పట్టుకున్నవయ్యా?"

"నువ్వు మూట కట్టుకున్నవ్ గద అప్పుడు" అన్నాడు సాంబయ్య. "నేను బుగులువడ్డ. నువ్వు మూట ఇప్పినవ్."

ఆమె చల్లారిన చాయ్‌ను పక్కకు జరిపి గద్దె మీద ఆయన పక్కనే కూర్చుంది. "మరి ఇయ్యాల ఎందుకు పట్టుకోలే?" అంది.

సాంబయ్య తొడల కింది నుంచి చేతులు తీశాడు. అరచేతుల నిండా సిమెంటు గరుకు అచ్చుపడి ఉంది. రెండు చేతులూ ఇంకా గడగడ వణుకుతున్నాయి.

"ఇయ్యాల నిజంగనే బుగులైంది" అన్నాడు. "పట్టుకుంటె నీకు తెలుస్తదని."

భూదేవి ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంది. వెంకటయ్య తనకేదో ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. బిడ్డ కోసం స్టేషన్ బజారులో కొత్త చెప్పులు కొనాలని భూదేవి అనుకుంటుండగానే దూరంగా ఇంకో విమానం మోత వినిపించింది. సాంబయ్య అలవాటుగా కళ్ళు మూసుకోబోయాడు. కానీ ఈసారి ఆమే ముందు కళ్ళు మూసుకుంది.

"నాకు బుగులైతుందయ్యా. కాళ్ళు దించిందా, జర సూసి చెప్పు."

సాంబయ్య మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. చాలాసేపు వెతికాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూసి ఉంటే కదా. ఆ చూపు తోక దగ్గరే తచ్చాడుతోందని భూదేవి ఒక కన్ను సగం తెరిచి గమనించింది.

"గాడ కాదయ్యా, పొట్ట కింద సూడు" అంది, చెయ్యి వదలకుండా.