మోతి మేర

అనసూర్య నోటికి బచ్చన్నపేట చుట్టుపక్కల నాలుగూళ్లూ జడిసేవి. అయినా పెట్టేచోట ఆమె చేయి ఏనాడూ వెనకాడలేదు. ఏటా జొన్న కల్లంలో కుమ్మరికీ, కమ్మరికీ, వడ్రంగికీ ఏడాది పనికి వాళ్లకు రావాల్సిన గింజల వాటా, మేర, కొలిచిపెట్టాక, చివరగా చాటెడు జొన్నలు కుక్క కోసం పక్కకు తీసేది. కల్లానికి కాపలా కాసేది మోతి కాబట్టి దానికీ మేర ఉండాల్సిందేనని ఆమె పట్టు. ఆ జొన్నలతోనే దానికి గట్క వండేది.

పందొమ్మిది వందల డెబ్బైతొమ్మిదిలో ముసలి మోతికి వెనక కాళ్లు పడిపోయాయి. పశువుల కొట్టం దాటి రాలేకపోయింది.

"ఇయ్యేడు గది కావలికే రాలే. దానికి మేరెందుకే?" అన్నాడు భర్త జైపాల్ రెడ్డి.

"నిరుడు జరమొచ్చి నువ్వు నెలదినాలు మంచం దిగలే. నీకు బువ్వ పెట్టుడు బంద్ చేసిన్నా?" అని కస్సుమంది అనసూర్య.

చాటెడు జొన్నలూ ఇంటికి తెచ్చి, రెండు గుప్పెళ్లు తిరగలిలో విసిరి గట్క వండింది. మోతి ముట్టలేదు. ఆమె అరచేతిలో మూతి ఆనించి, పొద్దు వాలేలోగా ప్రాణం విడిచింది.

కల్లం ఒడ్డున పాతిపెట్టారు. ఒకసారి ఇచ్చిన మేరను మళ్లీ తమ గింజల గుమ్మిలో కలపడం అనసూర్యకు మనస్కరించలేదు. మిగిలిన జొన్నలన్నీ ఆ గుంట మట్టిలోనే కలిపేసింది.

వానలు పడ్డాక అక్కడ మంచమంత జాగాలో జొన్న మొలిచింది. ఒకరోజు మేకల మంద అటు తిరిగింది. అనసూర్య నోరు తెరిచేలోపే జైపాల్ రెడ్డి కర్ర పట్టుకుని పరుగెత్తాడు.

"ఎవరియిరా ఈ మేకలు? మోతి చేన్ల పడుతున్నయ్, మలపుండ్రి!"