పాటను తాగేసిన వీధి

ఈ ఉదయం వంటింట్లో కొత్త మట్టికుండకు గరిటె తగిలి టంగుమంది. చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాను. రత్నకుమారి టీచరుగారు గుర్తొచ్చారు.

ఆవిడ వట్లూరులో మా ఎదురింట్లో ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. నేను కాలువ లాకుల దగ్గర రోజూ నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం చేసినవాణ్ణి. ఇంటికొచ్చాక అదే మట్టం డైరీలోనూ రాసుకునేవాణ్ణి. అందుకే ఏలూరు వేసవి జాతరలో పాట పలికే కుండలు అమర్చాలని తోచినప్పుడు ఆవిడ నన్ను పిలిచారు. గుడి వీధి పొడుగునా పన్నెండు కుండలు, ఒక్కోదాంట్లో ఒక్కో మట్టం నీళ్ళు. అమ్మవారి గుడికి వెళ్ళేవాళ్ళు చిన్న కర్రతో వరుసగా కొట్టుకుంటూ నడిస్తే జోలపాట పలకాలి. “గోడమీద బొమ్మయితే చూసి వెళ్ళిపోతారండీ. చెయ్యి పెడితేనే అది వాళ్ళదవుతుంది,” అనేవారు. దీనికోసం ఆవిడ ఏడాదిపాటు జాతర కమిటీ చుట్టూ తిరిగారు. చివరికి ప్రెసిడెంటుగారు మొదటిరోజు సాయంత్రం వచ్చి వింటానన్నారు. నచ్చితే జాతర మూడు రోజులూ ఉంచుతారు. లేదంటే ఆ చోటు సోడా కొట్టుకి ఇచ్చేస్తారు.

మొదటిరోజు పొద్దున్న పాట ముచ్చటగా పలికింది. మధ్యాహ్నానికి రోడ్డు పెనంలా కాలింది. పెదపాడు నుంచి నడిచొచ్చిన ఒక ముసలావిడ తిన్నగా మూడో కుండలో చెంబు ముంచింది.

“అమ్మా, అవి తాగే నీళ్ళు కావండీ!” అని పరుగెత్తాను.

“మంచినీళ్ళు కావా బాబూ?”

“మంచినీళ్ళే. కానీ పాట...”

“గొంతెండిపోతుంటే పాట నేనేం చేసుకోను నాయనా!”

నేను చెంబు పట్టుకున్నాను. టీచరుగారు వచ్చి నా చెయ్యి తీసేశారు.

“తాగనివ్వండి.”

“పాట పోతుందండీ! కుళాయి మళ్ళీ రేపు పొద్దున్నే. సాయంత్రం ప్రెసిడెంటుగారికి ఏం వినిపిస్తారు?”

ఆవిడ ముఖం ఒక్కక్షణం చిన్నబోయింది. “దాహంతో ఉన్నవాళ్ళని నిలబెట్టి వినిపించే పాటేమిటండీ?” అని, ఆ వీధిలో ఇళ్ళవాళ్ళనడిగి గ్లాసులు తెచ్చి కుండల పక్కన పెట్టారు.

ఇక జనం ఆగలేదు. తాగడం, కుండ మీద ఒకటి కొట్టడం, నవ్వుకుంటూ వెళ్ళడం. నీళ్ళు తగ్గేకొద్దీ కుండ స్వరం పైకి వెళ్తుంది. వీధి తాగినకొద్దీ పాట హుషారెక్కి, ఏ పాటో తెలియకుండా పోయింది. “జోలపాటన్నారు, ఇక్కడెవరూ నిద్రపోయేలా లేరండీ టీచరుగారూ!” అంది గాజులమ్మే ఆవిడ. అందరికంటే గట్టిగా టీచరుగారే నవ్వారు.

సాయంత్రం ప్రెసిడెంటుగారు వచ్చి పన్నెండు కుండలూ కొట్టుకుంటూ నడిచారు.

“పాటేదండీ?”

“తాగేశారండీ,” అన్నారు టీచరుగారు.

ఆయన కుండల్లోకి తొంగిచూసి, మెడమీద చెమట తుడుచుకున్నారు. “నాకేమైనా మిగిల్చారా?”

చివరి కుండ వంచితే ఒక గ్లాసు వచ్చింది. తాగి, గ్లాసు నా చేతిలో పెట్టి, “సోడా కొట్టువాణ్ణి ఆ చివర సర్దుకోమనండి. పొద్దున్నే ట్యాంకరు పంపిస్తాను,” అన్నారు. మిగిలిన రెండు రోజులూ ఉదయం జోలపాట, సాయంత్రం ఊరి పాట.

తర్వాత టీచరుగారు తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరకు వెళ్ళి, అక్కడే పోయారు. నేను ఇప్పటికీ ప్రతి పనికీ పట్టిక గీసుకుంటాను. ఎవరైనా దాన్ని తారుమారు చేస్తే “వద్దండీ” అన్న మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆ మనిషి ముఖంలోకి చూసి, ఏం కావాలని అడుగుతాను. చాలాసార్లు, నా పట్టికలో లేనిదేదో నిజంగానే కావలసి ఉంటుంది.