పదిహేడో నంబరు బిళ్ల

దయ్యాలని నేను నమ్మను. గోదావరిఖనిలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఏం చూశావో ముందు రాయి, ఏం అనుకున్నావో తర్వాత రాయి అని పిల్లలకు చెబుతుంటాను. ఇక్కడా అదే చేస్తున్నాను.

మా ఆయన రమేశ్‌ది ఫొటో స్టూడియో. పోయిన వానాకాలం గుండెపోటుతో పోయారు. ఆయన ఫొటోలను రా ఫైళ్లుగా తీసేవారు. కెమెరా చూసినదంతా ఏ మార్పూ లేకుండా దాచే ఫైళ్లవి, చాలా చోటు తింటాయి. ఇంట్లో టాబ్లెట్ మీద మంచివి ఏరుకుని, స్టూడియోలో కంప్యూటర్ మీద సరిచేసేవారు. రెండు చోట్ల దాచాకే మెమరీ కార్డు చెరిపేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. మా మామగారు బొగ్గు గని లాంపు రూములో పనిచేశారు. అక్కడ గనిలోకి దిగేవాళ్లు తమ నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు. పైకొచ్చి దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుంటారు. ఇచ్చిన బిళ్లను అక్కడి బోర్డుకు తగిలిస్తారు, బోర్డు మీద బిళ్ల ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. మా ఆయన అలాంటి ఇత్తడి బిళ్లలు ఇరవై నాలుగు చేయించుకున్నారు. పని ఒప్పుకోగానే ఒక బిళ్లను స్టూడియో గోడకున్న బోర్డుకు తగిలించేవారు. ఫొటోలు చేతికిచ్చాకే తీసేవారు.

దినాలయ్యాక బోర్డు మీదున్నవీ లేనివీ ఆ బిళ్లలన్నీ తీసి మిఠాయి డబ్బాలో వేసి టేపు చుట్టేశాను. ఏ పని మిగిలిందో చూసే స్థితిలో లేను. బిళ్లలు లెక్కపెట్టలేదు కూడా. నా సాక్ష్యంలో లోపం అదే.

రెండు నెలల తర్వాత, పాఠాల వీడియోలు పెట్టుకుందామంటే టాబ్లెట్‌లో చోటు లేదు. ఫొటోలు కంప్యూటర్లోనూ కనిపిస్తున్నాయి కదా అని టాబ్లెట్‌లోవి తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. రెండూ ఒకే ఖాతాకు ముడిపడి ఉన్నాయని, ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ పోతాయని నాకు తెలియదు. మరమ్మతు చేసే అతను చూసి, ఇక రావన్నాడు.

ఆ వారమే, గనిలో పనిచేసిన మల్లేశం కాక, ఆయన భార్య రాజవ్వ స్టూడియోకు వచ్చారు. కాక రిటైరైన రోజు, ఆఖరి షిఫ్టు దిగి రాగానే, స్నానం చేయనివ్వకుండా మా ఆయన ఇద్దరినీ గని దగ్గర నిలబెట్టి ఫొటోలు తీశారట.

“ఆ నల్లమొకం ఫొటో గావాలె టీచరమ్మా,” అంది రాజవ్వ. “ముప్పయ్యేండ్లు గనికాడ్నే తానం జేసి తెల్లగ ఇంటికచ్చిండు. ఒక్కనాడన్న సూస్తినా?”

“సూసినంక ఏమన్నవ్? గీ మనిషెవలని నన్నే అడిగినవ్!” అన్నాడు కాక.

నేను జరిగింది చెప్పేశాను. “మల్ల ఫొటో దిగుదమంటే నన్ను గనిల దిగనియ్యరు గద బిడ్డా,” అన్నాడు కాక. వెళ్తూ గోడ వైపు చూశాడు. “బోర్డు ఖాళీగున్నది. అందరు పైకచ్చినట్టేనా?”

మర్నాడు బడి నుంచి నాలుగున్నరకు వచ్చి స్టూడియో తీశాను. తాళంచెవి ఒక్కటే, నా బ్యాగులోనే ఉంటుంది. బోర్డు మీద ఒక బిళ్ల ఉంది. పదిహేడు.

ముందు డబ్బా చూశాను. టేపు వేసినట్టే ఉంది. కోసి లెక్కపెట్టాను. ఇరవై మూడు.

ఒక్కో నంబరుకు మెమరీ కార్డు పెట్టే కవరు ఒకటి ఆయన సొరుగులో ఉంటుంది. పని కాగానే కార్డు చెరిపి మళ్లీ వాడేస్తారు కాబట్టి కవర్లు ఖాళీగా ఉంటాయని, ఆ సొరుగు నేను తెరవనే లేదు. పదిహేడో కవరులో కార్డు ఉంది, చెరపలేదు. కాక, రాజవ్వల ఫొటోలు అందులోనే ఉన్నాయి. టాబ్లెట్‌నూ కంప్యూటర్‌నూ ఆయన రెండు చోట్లుగా లెక్కపెట్టలేదని అప్పుడర్థమైంది. ఇంకో చోట దాచేలోపే పోయారు.

ముందుగా ఆ ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో దాచాను. తర్వాత రాజవ్వ అడిగిన ఆ ఒక్క ఫొటో తెరిచాను. మొదట కాక ముఖానికి వెలుగు పెంచాను. బూడిద పూసినట్టయింది. వెనక్కి తగ్గించాను. బొగ్గును బొగ్గులాగే వదిలేసి, కళ్లు మాత్రం కాస్త తేటపరిచాను. ఆయన పోయాక నేను ఒక పని చివరిదాకా చేయడం అదే మొదలు.

ఆదివారం ఫొటో ఇచ్చాను. రాజవ్వ అందులోని కాక చెంప మీద వేలు రాసి, వేలు చూసుకుంది.

“అంటుతదా ఏంది?” అన్నాడు కాక.

“అంటితే బాగుండు,” అంది.

వాళ్లు వెళ్లాక పదిహేడో బిళ్ల తీసి డబ్బాలో వేశాను. లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

డబ్బాలో వేసేటప్పుడు నేనే ఒకటి మర్చిపోయి ఉండొచ్చు. కానీ అది కనిపించడానికి ముందురోజు బోర్డు ఖాళీగా ఉండటం కాక కూడా చూశాడు. ఇంతకు మించి నాకు తెలియదు. ఆ బిళ్లను ఎవరు తగిలించారో ఈ రోజుకీ చెప్పలేను.

ఇప్పుడు బోర్డు మీదున్న మూడో నంబరు మాత్రం నేనే తగిలించాను. వచ్చే నెల ఇంకొకాయన ఆఖరి షిఫ్టు.